రాణి మెడ కింది గీత

వెండి ధర ఒక్కసారిగా మండిపోయిన ఆ ఏడాది వరంగల్‌లో అవుసలవాళ్లను, అంటే కంసాలులను, నమ్మినవాళ్లు తక్కువ. పట్టీలు ఇస్తే వెండి కాజేస్తున్నారనీ, పాత రూపాయలు ఉంచుకుని వాటిలాగే పోత పోసిన దొంగ రూపాయలు తిరిగి ఇస్తున్నారనీ మా స్టాఫ్‌రూమ్‌లో రోజూ అదే ముచ్చట. నేను హనుమకొండలోని ఒక ఆడపిల్లల బడిలో సైన్స్ చెప్పేదాన్ని. వినీ వినీ నాకూ ఆ జబ్బు అంటుకుంది.

మా అత్తమ్మకు విక్టోరియా రాణి రూపాయల దండ ఒకటి ఉండేది. మొత్తం పది రూపాయలు. పెళ్లయి నెక్కొండ నుంచి వచ్చేటప్పుడు మెడలో వేసుకుని వచ్చిందట. నిజాం రూపాయలు కావు, ఇంగ్లీషు వాళ్లవి. ఆమె వాటిని కల్దార్లు అనేది. నాకు వాటి మీద ఇష్టం పుట్టించింది సుబేదారిలో మా వెనక వీధిలో ఉండే రిటైర్డ్ సోషల్ సారు. ఆయన దగ్గర ఒక చెక్క పెట్టెలో 1862 అని ఉన్న రూపాయలే ముప్పై దాకా ఉండేవి.

"అన్నీ ఒక్కటే గదా సార్, ఇన్నెందుకు?" అని మొదటిసారి అడిగితే నవ్వారు.

"ఒక్కటి గాదమ్మా. ఆ సంవత్సరమే పెట్టి ఏండ్ల తరబడి కొట్టిన్రు. సంవత్సరం కింద చిన్న చిన్న చుక్కలున్నయి సూడు, దీనికి లేవు, దానికి ఉన్నయి. రాణి రవికె మీద పువ్వుల పని సూడు, అదీ తేడానే. అచ్చు మారినప్పుడల్లా ఏదో ఒకటి మారింది."

ఆ రోజు నుంచి బడిలోని భూతద్దం తెచ్చుకుని ఆదివారాలు ఆయన అరుగు మీదే కూర్చునేదాన్ని. ఒకసారి ఆయన ఇంకో మాట కూడా చెప్పారు. "రెండు రూపాయల మీద ఒకే జాగల ఒకే గీత కనబడితే జర అనుమానించాలె. గీతలు పడ్డ దాన్ని అచ్చుగ పెట్టి పోత పోస్తే, ఆ గీత గూడ దిగుతది." ఆ మాట నా మనసులో గట్టిగా నాటుకుంది. తర్వాత కొన్నాళ్లకే ఆయన కంటి ఆపరేషన్‌కని హైదరాబాద్‌లోని కూతురింటికి వెళ్లిపోయారు.

అదే నెలలో అత్తమ్మ దండ కొండీలు అరిగి తెగిపోయింది. మూడు తరాలుగా వాళ్లింటికి పని చేసే అవుసలాయనకే ఇస్తానంది. వద్దని చెప్పలేక నేనూ వెంట వెళ్లాను. వారం తర్వాత దండ తెచ్చుకున్నాం. కుంకుడు రసంతో కడిగి తెల్లగా మెరిపించాడు. ఆ మెరుపే నాకు నచ్చలేదు.

ఇంటికి రాగానే భూతద్దం పెట్టి ఒక్కొక్కటే చూశాను. రెండు రూపాయల మీద రాణి మెడ కింద నుంచి అంచు దాకా వెంట్రుక లాంటి గీత. రెండింటి మీదా అదే చోట, అదే వంపు. అంతకు ముందు నేను ఆ గీత చూడలేదు. ఒకటి అసలుది, ఒకటి పోతది. మరి దాని చోట ఉండాల్సిన మన రూపాయి ఏమైంది?

"నువ్వు ఊకె అనుమానపడ్తానవ్ బిడ్డా. ఆయన గసొంటోడు గాదు" అంది అత్తమ్మ. ఆమె అతన్ని వెనకేసుకొస్తున్న కొద్దీ, ఆమెకు కూడా ఏదో తెలిసి దాస్తోందేమోననిపించింది. ఇప్పుడు ఆ మాట రాయడానికే సిగ్గుగా ఉంది.

మర్నాడు ఇద్దరం దుకాణానికి వెళ్లాం. ఆయన ముసలివాడు. కుంపటి ముందు నుంచి లేచి చాప పరిచాడు. నేను కూర్చోలేదు. రెండు రూపాయలూ చూపించి విషయం చెప్పాను. ఆయన ముందు నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి ఆగిపోయాడు. రెండింటినీ బండ మీద వేసి మోగించాడు. కొండీలు ఉన్నాయి కాబట్టి మోతను నమ్మలేనన్నాను. తూచి చూపించాడు. బరువు సరిపెట్టడం మీకు కష్టమా అన్నాను.

ఆయన అత్తమ్మ వైపు తిరిగాడు. "వదినె, ఒకటి కోసి సూపిస్త. నీకు సమ్మతమేనా?"

అత్తమ్మ తల ఊపింది.

"ఏది కోయాల్నో నువ్వే సూపెట్టు బిడ్డా" అన్నాడు నాతో.

నేను చూపించాను. ఉలి పెట్టి, సుత్తితో రెండు దెబ్బలు. రూపాయి రాణి గొంతు దగ్గర రెండు ముక్కలైంది. లోపల కూడా తెల్లటి వెండే. ఆయన ఆ ముక్కలు నా అరచేతిలో పెట్టాడు.

"పోత కూడా వెండితోనే పోస్తారు గదా" అన్నాను.

ఆయన ఉలి పక్కన పెట్టేశాడు.

దారి పొడుగునా అత్తమ్మ నాకంటే నాలుగడుగులు ముందే నడిచింది. ఆ తర్వాత ఆరు నెలలు నేను ఆ వీధి మొహం చూడలేదు. బడిలో మాత్రం ఈ కథ గొప్పగా చెప్పుకున్నాను. విన్నవాళ్లు మెచ్చుకున్నారు కూడా.

సారు తిరిగొచ్చారని తెలియగానే కోయని ఆ రెండో రూపాయీ, రెండు ముక్కలూ పట్టుకెళ్లాను. ఆయన కొత్త కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూశారు.

"గీత మీద గోరు పెట్టి గీకు" అన్నారు.

గోటికి గీత తగిలింది. గుంటలా కాదు, గట్టులా. భూతద్దంలో కిటికీ వెలుతురు ఒక పక్క నుంచి పడి నాకు గుంటలా కనిపించిందంతే.

"రూపాయి మీద గీరితే లోపలికి పోతది. టంకశాలల కొట్టే ఉక్కు అచ్చే పగిలితే, ఆ పగులులకు వెండి పోయి మీదికి లేస్తది. ఇవి రెండూ ఒక్క అచ్చు కింద పుట్టినయమ్మా. గీత రెండింటి మీదా వాడిగనే ఉన్నది, పోతల గట్ల రాదు. రెండూ అసలువే. ఇన్నేండ్లు మురికి కింద దాగి ఉన్నది గీత." ముక్కలు దగ్గరికి చేర్చి చూసి, "దీన్ని ఎవరు కోసిన్రు?" అని అడిగారు.

నేను జరిగిందంతా చెప్పాను. ఆయన తప్పంతా తన మీద వేసుకున్నారు. సగం పాఠమే చెప్పి పోయానన్నారు. కానీ పోత అని ఆయన అనలేదు. అనుమానించమని మాత్రమే అన్నారు. తీర్పు నేనే చెప్పుకున్నాను.

ఆ సాయంత్రమే ఒక్కదాన్నే అవుసలాయన దగ్గరికి వెళ్లాను. గీత గురించి, అచ్చు పగులు గురించి అంతా చెప్పి, తప్పయిందన్నాను. ఆయన విన్నాడు.

"అది అసలుదే అని నాకు ముందే ఎరుక బిడ్డా. ఇప్పుడు నీకు ఎరుకైంది."

"దీన్ని అతకొచ్చా?"

"అతుకుతది. కని నేను అతుక. రేపు అతుకు జాగల ఇంకో గీత కనబడితే మళ్ల వస్తవ్."

కోపంగా అనలేదు. ఊరికే మామూలుగా అన్నాడు.

అత్తమ్మ తొమ్మిది రూపాయల దండే వేసుకుంది. ఆమెకు ఆయనతో రాకపోకలు మళ్లీ మామూలయ్యాయి. పండగకు పిండివంటలు కూడా పంపేది. నా పిల్లల పట్టీలు, నా నల్లపూసలు అన్నీ ఆయనే చేశాడు. కానీ నేను దుకాణంలో అడుగు పెడితే మాత్రం పని ఆపేసేవాడు. రెండు చేతులూ తెరిచి, నాకు కనబడేలా మోకాళ్ల మీద పెట్టుకునేవాడు. నేను గడప దాటాకే మళ్లీ సుత్తి చప్పుడు వినిపించేది.