గాలిలో గీసిన మిరపకాయ

పొద్దున తాడేపల్లిలో మా ఆఫీసు గేటుకు ఎవరో ఎనామిల్ రంగు వేస్తున్నారు. టర్పెంటైన్ వాసన మెట్లెక్కి నా బల్ల దాకా వచ్చింది. రాస్తున్న పేజీ వదిలేసి కాసేపు ఊరికే కూర్చున్నాను. ఆ వాసన తగిలితే చాలు, మస్తాన్ మాస్టారు గుర్తొస్తారు. ఆయన పోయి మూడేళ్ళయింది. అయినా ఇప్పుడే చేతులు తుడుచుకుంటూ లోపలికొస్తారేమోనని తలుపు వైపు చూస్తాను.

చిలకలూరిపేటలో హైవే పక్కన మాస్టారికి బోర్డులు రాసే కొట్టు ఉండేది. జిన్నింగ్ మిల్లుల గోడలూ, లారీల వెనక తలుపులూ, మిరప గోడౌన్ల బోర్డులూ ఆయన మనుషులే రాసేవారు. డిగ్రీ అయ్యాక నాకు అక్కడ చీటీలు రాసే పని దొరికింది. వచ్చినవాళ్ళు ఏ బొమ్మ కావాలన్నారో నేను చీటీ మీద రాయాలి. అది జేబులో పెట్టుకుని పెయింటరు ఎక్కడో ఊరవతల గోడ దగ్గరికి వెళ్ళి వేస్తాడు. అదెంత పని అనుకున్నాను. మొదటి రోజే నా గర్వం దిగిపోయింది. మాస్టారు కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని, చూపుడు వేలు పైకెత్తి "చదువమ్మాయ్" అన్నారు. నేను రాసిన ఎద్దు బొమ్మ చీటీ చదువుతుంటే ఆయన వేలు గాలిలో దాన్ని గీస్తూ పోయింది. ఉన్నట్టుండి ఆగింది.

"ఎద్దు ఎటు చూస్తోంది?"

"ఎటు చూస్తే ఏముందండీ?"

"నీకేం లేదు, వేసేవాడికుంది. వాడక్కడ, నువ్విక్కడ. వాడు అడగలేనిది నువ్వు ముందే రాయాలి."

వేలు చివరిదాకా ఆగకుండా సాగితేనే చీటీ కొట్టు దాటేది. ఒక్కోదాన్ని మూడు నాలుగుసార్లు తిరగరాసేదాన్ని. ఇదేం చాదస్తమని లోపల్లోపల తిట్టుకునేదాన్ని కూడా.

ఒక శుక్రవారం మాస్టారు జుమ్మా నమాజుకు వెళ్ళినప్పుడు గుంటూరు నుంచి ఒక మిరప వ్యాపారి వచ్చాడు. గోడౌన్ గోడ మీద ఎండుమిరపకాయల బొమ్మ కావాలన్నాడు, తొందరన్నాడు. పెయింటరు కోటయ్య బయల్దేరడానికి సిద్ధంగా ఉన్నాడు. మాస్టారు వచ్చేదాకా ఎందుకులే అని 'ఎర్రటి ఎండుమిరపకాయలు, పెద్దవి నాలుగు' అని రాసి పంపించేశాను. కోటయ్య ముచ్చటగా వేశాడు, తొడిమలతో సహా. ఆ వ్యాపారి అమ్మేది తొడిమ తీసిన కాయ.

మర్నాడు కొట్టు ముందుకొచ్చి కేకలేశాడు. "అక్కడ యాభై మంది ఆడవాళ్ళు కూర్చుని తొడిమలు తీస్తుంటే, మీవాడు గోడ మీద మళ్ళీ అతికించి వచ్చాడు! ఈ కోటయ్యని ఇంకెప్పుడూ మా యార్డు వైపు పంపొద్దు మాస్టారూ!"

కోటయ్య తల దించుకున్నాడు. ఆ వైపు పని పోతే అతనికి నెలలో సగం రోజులు ఖాళీయేనని నాకు తెలుసు. అయినా, అతనికి ఆ మాత్రం తెలియొద్దా అని మనసుకు సర్దిచెప్పుకున్నాను.

మాస్టారు కోటయ్య జేబులోంచి చీటీ తీసి నా చేతికిచ్చారు. కళ్ళు మూసుకున్నారు. "చదువమ్మాయ్." అందరి ముందూ చదివాను. ఆయన వేలు కాయ ఒంపు గీసింది, పైకొచ్చింది, కాయ తల దగ్గర ఆగిపోయింది.

"ఇక్కడ ఏముందో నాకు తెలీలేదు. కోటయ్యకెలా తెలుస్తుంది?"

నాకు ఏడుపొచ్చింది. "తప్పు నాదండీ, కోటయ్యగారిది కాదు" అన్నాను. వ్యాపారి కాసేపు నసిగి, దిద్దడానికి అతన్నే పంపమన్నాడు. మాస్టారు తనూ బ్రష్షులు సర్దుకుని కోటయ్యతో వెళ్ళారు. ఆ రోజు నుంచి ప్రతి చీటీ కిందా నాతో ఒక వాక్యం రాయించారు: 'అనుమానమొస్తే వెయ్యకు, వచ్చి అడుగు.'

ఇప్పుడు నేను చేసేదీ చీటీలు రాసే పనే. మాటల్లో చెబితే బొమ్మ తయారుచేసే ఒక కంప్యూటర్ టూల్‌ని ఎలా వాడాలో రాస్తున్నాను. చదివేవి ఏఐ ఏజెంట్లు, అంటే ఎవరైనా చెప్పిన పనిని వాళ్ళ తరఫున చేసిపెట్టే ప్రోగ్రాములు. వాటికి నా పేజీ తప్ప వేరే దిక్కు లేదు. కొలత చెప్పకపోతే బొమ్మ నలుచదరంగా వస్తుందనీ, బోర్డు మీద అక్షరాలు కావాలంటే అవేమిటో ఉన్నదున్నట్టు ఇవ్వాలనీ నేను రాస్తేనే తెలుస్తుంది. లేకపోతే కోటయ్యలాగే ముచ్చటగా ఏదో చేసి ఇస్తాయి, తిట్లు తింటాయి.

నిన్న మా మేనేజరు ఒక వాక్యం కొట్టేయమన్నారు: 'వివరం చాలకపోతే బొమ్మ చేయకు, కోరినవారిని అడుగు.' "ప్రతిదానికీ అడుగుతూ కూర్చుంటే పనెప్పుడవుతుందండీ?" అన్నారు. ఆయనకు తొడిమల సంగతి చెప్పాను. నవ్వారు. ఆ తర్వాత, "అయితే ఏమేం అడగాలో కూడా రాయండి" అన్నారు.

ఆ పేజీ ఇవాళ పూర్తయింది. అందరూ టీకి వెళ్ళాక కళ్ళు మూసుకుని, వేలు పైకెత్తి, రాసిందంతా పైకి చెప్పుకుంటూ గాలిలో గీశాను. మొదటి నుంచి చివరిదాకా వేలు ఎక్కడా ఆగలేదు. ఎందుకాగుతుంది? రాయనివి కూడా నాకు తెలిసినవే కదా. ఆగడానికి ఆయన వేలు కావాలి.

మాస్టారూ, ఒక్కసారి వచ్చి కూర్చోండి. చదువుతాను.