కడప లైను అక్క

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో నేను అక్కడి టెలిఫోను ఎక్స్ఛేంజిలో మెకానిక్కుని. నా డైరీల్లో ఆమె పేరు ఎక్కడా లేదు, 'కడప లైను అక్క' అనే రాసుకున్నాను. ఆమె ఆపరేటరు. కడపకు కాల్ కలిపిన ప్రతిసారీ ఆ ప్లగ్గును, నాడి చూస్తున్నట్టు, రెండు వేళ్లతో పట్టుకుని కూర్చునేది. రాత్రీ పగలూ వాడి వాడి బోర్డులో దాని రంధ్రం అరిగిపోయింది. వదిలితే మాట తెగిపోయేది. కొత్తది మద్రాసు నుంచి రావాలి.

"చెయ్యి నొప్పి పుట్టదా అక్కా?" అన్నాను.

"నీ రిపేరీ కన్నా నా యేళ్లే నయంలేప్పా."

ఒక ఎండాకాలం మధ్యాహ్నం కోయిలకుంట్ల రైతు ఒకాయన వచ్చాడు. కూతురికి కడప ఆసుపత్రిలో కష్టమైన కాన్పు. ఫోన్లోకి అల్లుడొచ్చాడు గానీ లైను ఎక్కడ తెగిపోతుందోనని ఇద్దరూ ఒకరి మాట మీద ఒకరు గబగబా అరుస్తున్నారు. ఆ అరుపుల సందుల్లో తీగ పొడవునా నల్లరేగడి చేల మీది గాలి మాకు వినిపిస్తున్నట్టే ఉంది. అక్క వేళ్లు కదల్లేదు.

"మెల్లగా మాట్లాడు పెద్దాయనా. ఈడ నేను పట్టుకోనుండా."

చాలాసేపటికి ఆయన కేక పెట్టాడు. "తల్లీబిడ్డా బాగుండారంట!"

తర్వాత కొత్త భాగం వచ్చింది. నేనే బిగించాను, లాగినా కదలనంత గట్టిగా. అయినా కడప కాల్ కలిపితే ఆమె వేళ్లు అక్కడే ఉండేవి.

"ఇప్పుడు ఊడదు గదక్కా?"

"తెలుసప్పా. ఆపక్క ఎవురో భయపడతా మాట్లాడతాంటారు. ఊడదని వాళ్లకు తెలీదు గదా."