పోలయ్య తాగిన మజ్జిగ

రోశమ్మత్త నోరు విప్పిందంటే మూడు వీధులకి వినపడుతుంది. పిడుగురాళ్ల బట్టీల నుంచి సున్నం తెచ్చి, మాచవరంలో ఇల్లిల్లూ తిరిగి అమ్ముకుని బతికిన మనిషి. మొగుడు పోయినా, సున్నానికి అరచేతులు పొక్కినా ఎవరి ముందూ తల వంచలేదు. ఆమె తండ్రి పోలయ్య తెల్లదొరల కాలంలో దోపిడీ ముఠా నాయకుడు. జైల్లోనే పోయాడు. "దొంగ కూతురా" అని ఎవరన్నా నోరు జారితే ఆమె దగ్గర ఒకటే జవాబు.

"దొంగేరా! కాదన్నానా? ఉప్పు తిన్న ఇంట్లో మాత్రం చెయ్యి పెట్టలా. కావాలంటే సాంబన్నను అడుగు పో!"

సాంబన్న అంటే మా మామగారు సాంబశివరావు. ఆయన చిన్నప్పుడు పోలయ్య ముఠా మా ఇంటిమీదే పడింది. ఆయన తల్లి కేకలు పెట్టకుండా ముంతతో మజ్జిగ ఇచ్చిందట. గటగటా తాగేశాక గానీ పోలయ్య నాలుకకి ఉప్పు తెలియలేదు. "ఉప్పు తినిపించావు గదమ్మా" అని మూతి తుడుచుకుని, పూచికపుల్ల ముట్టకుండా మనుషుల్ని వెనక్కి తిప్పాడు. నేను కాపురానికి వచ్చిన నాటి నుంచీ మామగారి నోట ఈ సంగతి వింటూనే ఉన్నాను. ఆ ఉప్పు వరసతోనే రోశమ్మత్త ఆయన్ని అన్నా అంటుంది, నేను ఆమెను అత్తా అంటాను.

ఎనభై ఎనిమిదిలో టీవీలో ఈ పోలయ్య మీద సీరియల్ మొదలైంది. పేరు కూడా మార్చలేదు. వీధి మొత్తానికి టీవీ ఉన్నది మా ఇంట్లోనే, కాబట్టి అందరూ మా వసారాలోనే. మొదటి వారాలు బాగానే తీశారు, అబద్ధమెందుకు? జొన్నచేలు, ఆముదం దీపాలు, నోట్లో చుట్ట. "అచ్చం మా నాయనే" అని రోశమ్మత్త కళ్ళొత్తుకుంది. తర్వాత ఏ గాలి సోకిందో ఏమో, పోలయ్యకి నల్లకోటు తొడిగారు. చుట్ట పోయి సిగరెట్టు వచ్చింది. ఆపైన జీపు. కొండగుహలో డాన్సులు, రంగు దీపాలు!

"ఏంది సుభాషిణమ్మా ఇది? మా నాయన కాళ్ళకి చెప్పులే లెవ్వు, జీపు యాడిది?" అని ఆమె నా మీద గొంతు చించుకునేది. "ఊరుకో రోశమ్మా, కథ కదా" అని మామగారు నవ్వేవారు. ఆ చెత్త చూడలేక నాకు వారం వారం తలనొప్పి. కట్టేద్దామంటే జనం ఊరుకోరు.

ఒక వారం మా ఇంటి ఘట్టం వచ్చింది. టీవీ పోలయ్య గాజు గ్లాసులో మజ్జిగ తాగాడు. గ్లాసు నేలకేసి కొట్టి, మజ్జిగ పోసిన తల్లి మెడలో పుస్తెలు తెంపుకున్నాడు. "తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే" అన్నారు వెనక నుంచి ఎవరో.

రోశమ్మత్త లేచి నిలబడింది. "అబద్ధం! చెప్పన్నా వీళ్ళకి!"

అందరూ మామగారి వైపు తిరిగారు. ఆయన తెర మీంచి చూపు మరల్చలేదు. "అవునమ్మా, గ్లాసు పగలగొట్టాడు. ఒక పెంకు నా కాల్లో గుచ్చుకుంది కూడాను" అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "అప్పట్లో మనింట్లో గాజు గ్లాసులెక్కడివి మామయ్యా? ముంత అని మీరే చెప్పేవారుగా! మీ అమ్మగారి పుస్తెలు కరిగించేగా నాకు ఈ గాజులు చేయించారు!"

"ముంతా?" అని ఆయన తల అడ్డంగా ఊపారు. "కాదులే. నల్లకోటు వేసుకొచ్చాడు. బాగా గుర్తు."

వేళాకోళమైతే బాగుండేది. ఆయన వంగి, పెంకు గుచ్చుకుందన్న చోటు నిజంగానే తడుముకుంటున్నారు. ఆ సీరియల్ తీసినవాళ్ళు ఆ క్షణాన నాకు దొరికితే ఏం చేసేదాన్నో!

రోశమ్మత్త ఆయన కుర్చీ పక్కన చతికిలబడింది. అంత గొంతూ తగ్గించి అంది.

"దొంగ కూతురంటే పడ్డా. ఉప్పు తిని ద్రోహం చేసినోడి కూతురంటే ఎట్టా బతికేదన్నా? చూసినోళ్ళల్లో నువ్వొక్కడివే మిగిలావు."

మామగారు జాలిగా ఆమె తల నిమిరారు.

"చూశాను గనకే చెబుతున్నానమ్మా. ఈ రెండు కళ్ళతో చూశాను."