అత్తమ్మ మెచ్చే థాయ్ కూర కోసం: కొత్తగూడ నుంచి పుప్పాలగూడ దాకా

దాచడం దేనికి, ముందే చెప్పేస్తాను. నేను థాయ్ భోజనం మీద ప్రేమతో బయలుదేరలేదు. మా యారాలి మీద కుళ్లుతో బయలుదేరాను. యారాలంటే తోటికోడలు, మా మరిది భార్య లావణ్య. భీమవరం పిల్ల. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పుప్పాలగూడలో పెద్ద అపార్టుమెంటు. ఆఫీసువాళ్లు బ్యాంకాక్ తిప్పి తీసుకొస్తే, వచ్చాక ఒక ఆదివారం మమ్మల్నందరినీ భోజనానికి పిలిచింది. మా అత్తమ్మనైతే ముందురోజే కారులో వచ్చి తీసుకెళ్లింది. మేం వెళ్లేసరికి బల్ల మీద థాయ్ కోడికూర సిద్ధంగా ఉంది. సన్నగా కొట్టిన కోడిమాంసం, పచ్చిమిరప, వెల్లుల్లి, పైన ఏవో ఆకులు. బాగుంది, తిన్నాం, అంతవరకు నాకే పేచీ లేదు. అత్తమ్మ మారు పెట్టించుకుంది. అక్కడ మండింది నాకు.

ఎందుకు మండిందో తెలియాలంటే మా ఇంటి సంగతి తెలియాలి. అత్తమ్మ చందానగర్‌లో మా దగ్గరే ఉంటుంది. మొదటి నుంచీ తిండి అంతంతమాత్రమే, కొన్ని నెలలుగా ఆవిడకు అసలే సయించడం లేదు. రెండు ముద్దలు తిని కంచం పక్కకు జరుపుతుంది. దవాఖానలో చూపిస్తే అన్నీ బాగానే ఉన్నాయన్నారు. నేను బడిలో తెలుగు పంతులమ్మను. రోజంతా పిల్లలతో అరిచి అరిచి ఇంటికొచ్చి, ఆవిడ కోసమని పచ్చిపులుసు, సర్వపిండి, తలకాయ కూర, ఏది తోస్తే అది చేసేదాన్ని. అన్నీ అలాగే మిగిలిపోయేవి. అలాంటి మనిషి లావణ్య ఇంట్లో గిన్నె ఊడ్చి తిన్నది. పైగా ఆ పిల్ల "చూశారా అక్కా, అత్తయ్యగారు మళ్లీ వేయించుకున్నారండి!" అని నాతోనే సంబరపడింది. నవ్వాను. ఆ నవ్వు నవ్వడానికి ఎంత కష్టపడ్డానో నాకే తెలుసు.

ఆ రాత్రే నిర్ణయించుకున్నాను. సైబరాబాద్‌లో ఇన్ని అద్దాల మేడలున్నాయి, అసలైన థాయ్ వంట ఎక్కడో ఒకచోట ఉండకపోదు. అత్తమ్మను అక్కడికి తీసుకెళ్లి, "లావణ్య కూర దీని ముందు ఏపాటిది" అని ఆవిడ నోటితోనే అనిపించాలి. ఆ రుచేమిటో పట్టుకుని ఇంట్లో నేను చేయాలి. ఆవిడ నా చేతి కూర మారు పెట్టించుకోవాలి. మా ఆయన విని "పక్కోళ్ల మీద కండ్లల్ల నిప్పులు పోసుకునుడు గిదే" అన్నాడు. పోసుకుంటే పోసుకున్నాను, ఆయన సొమ్మేం పోయింది?

ఆదివారం పదకొండింటికి బయలుదేరాం. చందానగర్ నుంచి కొత్తగూడకు ఆటోలో సెలవు రోజైతే అరగంట చాలు. మదీనగూడ దాటాక కుడివైపు తిరిగి హఫీజ్‌పేట మీదుగా కొండాపూర్, అక్కడి నుంచి కొత్తగూడ. రెండువందల యాభై తీసుకున్నాడు. పని రోజుల్లో ఇదే దారికి గంట పట్టినా ఆశ్చర్యం లేదు. ఆటో నడిపేది మహబూబ్‌నగర్ వైపు మనిషి, మాటకారి. ఎటు పోతున్నారని అడిగితే థాయ్ హోటల్‌కని చెప్పాను.

"తాయి అంటే ఏంది మేడం?"

"గదొక దేశం," అంది అత్తమ్మ నాకంటే ముందే. "ఆడ కూరల్ల బెల్లం, నిమ్మకాయ, మిరపకాయ అన్నీ ఒక్కపారే ఏస్తరు. మా చిన్నకోడలు చేసింది."

మా చిన్నకోడలు! ఆటో ఎక్కి ఇంకా మదీనగూడ కూడా రాలేదు.

మొదటి హోటల్ కొత్తగూడ చౌరస్తాకు దగ్గర్లో, అపార్టుమెంట్ల కింద వరుస దుకాణాల్లో ఉంది. బోర్డు మీద థాయ్, చైనీస్, తందూరి, బిర్యానీ అన్నీ రాసి ఉన్నాయి. అన్నీ రాసిన చోట ఏదీ సరిగా ఉండదని నాకు తెలుసు, అయినా ఫోన్లో చుక్కలు బాగా ఇచ్చారని నమ్మి వెళ్లాను. టామ్ యమ్ అనే పుల్లటి థాయ్ సూపు చెప్పాను, రెండువందల ఇరవై. ఎర్రగా, చిక్కగా వచ్చింది. నిమ్మగడ్డి వాసన వెతికి వెతికి అలిసిపోయాను. అత్తమ్మ ఒక చెంచా నోట్లో పెట్టుకుని సర్వరును పిలిచింది.

"గిది టమాట సాస్ కాదు బిడ్డా?"

ఆ అబ్బాయి నవ్వి, "పిల్లలు గిట్లనే ఇష్టపడ్తరమ్మా," అన్నాడు.

"లావణ్య చేసిన దాంట్ల వాసనే వేరే ఉండె," అంది అత్తమ్మ నా వైపు తిరిగి. నేను మిగిలిన సూపంతా పంతానికి తాగేశాను. ఈ హోటల్‌కు వెళ్తే బిర్యానీ తినండి, పక్క బల్లవాళ్లు లొట్టలేసుకుంటూ తిన్నారు.

రెండోది హైటెక్ సిటీలో, మెట్రో స్టేషన్ నుంచి నడిచి వెళ్లగలిగే దూరంలో, అద్దాల భవనం పై అంతస్తులో ఉంది. ఇది మాత్రం చూడ్డానికి చాలా బాగుంది. తామరపూలు, చెక్క బల్లలు, కిటికీలోంచి దుర్గం చెరువు వైపు దృశ్యం. ఒంటిగంట దాటింది కాబట్టి ఇరవై నిమిషాలు బయట నిలబెట్టారు. కొబ్బరిపాల పచ్చకూర, మల్లెపూవులాంటి అన్నం తీసుకున్నాం. నిజం చెప్పాలి, వంట చక్కగా ఉంది. కొబ్బరిపాలు తాజావి, వంకాయలు నొక్కితే చితికేలా ఉడికాయి. చిన్న పిల్లలతో, కారం తినలేని వాళ్లతో వెళ్లేవాళ్లకు ఇదే మంచిది. ఇద్దరికీ రెండువేల దాకా అవుతుంది.

నేను ఆశగా అత్తమ్మ మొహం చూస్తున్నాను. ఆవిడ మూడు ముద్దలు తిన్నది. తర్వాత వడ్డించే అమ్మాయిని చూసి, "బేటీ, జర నింబూ లావ్," అంది. నిమ్మకాయ పిండుకుని ఇంకో ముద్ద తిని, చెంచా కింద పెట్టింది.

"ఏమైంది అత్తమ్మా?"

"మంచిగనే ఉంది బిడ్డా. పాయసంల వంకాయ ఏసినట్టుంది. లావణ్యది అయితే..."

"చాలు," అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను, వడ్డించే అమ్మాయి వెనక్కి తిరిగి చూసింది.

మూడో హోటల్‌కు వెళ్లాలని నాకసలు లేదు. ఎందుకంటే అది పుప్పాలగూడ వైపు ఉంది, లావణ్య వాళ్ల అపార్టుమెంటుకు రెండు వీధుల అవతల. మంచి హోటల్ కూడా పోయిపోయి వాళ్ల పేటలోనే పెట్టాలా? కానీ ఊరంతా దాన్నే మెచ్చుకుంటున్నారు. గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ మీదుగా క్యాబ్‌లో వెళ్లాం, మూడువందలయింది. మధ్యాహ్నం మూడున్నరకు జనం పలచబడ్డారు. ఎవరైనా తెలిసినవాళ్లు చూస్తారేమోనని కొంగు నెత్తిమీదికి లాక్కుని దిగాను. అత్తమ్మ మాత్రం "లావణ్యను గూడ పిలుద్దామా?" అంది. వద్దని చెప్పడానికి నాకు క్షణం పట్టలేదు.

చిన్న హోటలే, ఆరు బల్లలు. వంటచేసేదీ యజమానీ ఒకడే, పేరు యాదగిరి, జగిత్యాల వాడు. దుబాయ్‌లో థాయ్ హోటల్లో పనిచేసి వచ్చాడట. ఆ మాట మేం కూర్చునేలోపే రెండుసార్లు చెప్పాడు. గొప్పలు తప్ప చిన్న మాటలు ఆయన నోట రావు. ఆకుల కోడికూర అన్నంతో కలిపి ప్లేటు మూడువందల యాభై. తెచ్చిపెట్టగానే ఆ వాసనకే నాకు అర్థమైంది, ఇదే అదని. అత్తమ్మ తినడం మొదలుపెట్టింది. రెండు ముద్దలు, నాలుగు, ఆరు. నేను నా ప్లేటు మరిచిపోయి లెక్కపెడుతున్నాను.

యాదగిరి చేతులు తుడుచుకుంటూ వచ్చి బల్ల పక్కన నిలబడ్డాడు. "ఎట్లున్నదమ్మా? గిందుల మర్మమంతా ఆకులనే ఉన్నది. గా ఆకు ఏందో ఎరుకేనా? తులసి! అసలు థాయోళ్లు ఏసేది తులసే."

తులసి! కోడికూరలో! మా అత్తమ్మ పొద్దున్నే స్నానం చేసి తులసమ్మకు నీళ్లు పోయనిదే చాయ్ ముట్టని మనిషి. నాకు ఒక్కసారిగా పండగొచ్చింది. ఇక రుచితో పనేముంది? లావణ్య అత్తమ్మకు ఏం తినిపించిందో తెలిస్తే చాలదూ?

"ఇన్నరా అత్తమ్మా?" అన్నాను, బాధపడుతున్నట్టు మొహం పెట్టి. "మీ చిన్నకోడలు మీకు కోడికూరల తులసి ఏసి పెట్టింది."

అత్తమ్మ నములుతూనే ఉంది. ఒక ఆకు వేళ్లతో తీసి నలిపి వాసన చూసింది. "గిది తులసి కాదు. సబ్జా ఆకు."

యాదగిరి నాలుక కరుచుకున్నాడు. "మీరు అసలైనోళ్లు ఉన్నరమ్మా. తులసంటే ఈడోళ్లు ముట్టరని సబ్జానే ఏస్తున్న. దుబాయ్‌లనైతే తులసే..." అని దుబాయ్ కథ ఎత్తుకున్నాడు గానీ లోపల ఫోన్ మోగితే వెళ్లిపోయాడు.

"లావణ్య కూరల ఏసింది గూడ సబ్జానే," అంది అత్తమ్మ. "నేనే ఏసిన."

"మీరా?"

"తులసి ఏయాలంటున్నరు, ఏం జేద్దాం అత్తయ్యా అని పరేషాన్ అయింది ఆ పిల్ల. కండ్లు పోతయి, అట్ల చెయ్యకు, పూలోళ్ల కాడ సబ్జా దొరుకుతది, దర్గకు గులాబీలల్ల కలిపి అమ్ముతరు, గదే తెమ్మన్న. కోడి నేనే కత్తితోని కొట్టిన. పొయ్యి కాడ నేనే ఉన్న. ఆ పిల్లకు మంట ఎంత పెట్టాల్నో గూడ తెల్వది. అన్నం వండింది, ఫొటోలు దించింది."

"మరి అందరు ఆమెను మెచ్చుకుంటుంటె గమ్మున ఎట్ల కూసున్నరు?"

"ఆమె ఇల్లు గద. ఆమెనే మెచ్చుకోవాలె."

"నాకన్న చెప్పొద్దా?"

అత్తమ్మ మంచినీళ్లు తాగి, గ్లాసు బల్ల మీద పెట్టి నెమ్మదిగా అంది. "నీకు చెప్తే, నీ ఇంట్ల గూడ వండుతనని అడిగినట్టుంటదని ఊకున్న. నువ్వు వంటింట్లకు అడుగు పెట్టనిస్తవా? గరిటె పట్టుకుంటే చాలు, 'కూసోన్రి అత్తమ్మా' అంటవు. నువ్వు గౌరవానికే అంటవు, నాకెరుకే. పొద్దంత కూసుంటే ఆకలెట్లయితది బిడ్డా?"

మా అమ్మ నాకు నేర్పిందే అది. పెద్దవాళ్లు వంటింటి గడప దగ్గర కనిపిస్తే కూర్చోబెట్టాలి, చేతిలో చాయ్ పెట్టాలి. పెళ్లయిన ఈ ఎనిమిదేళ్లలో ఆ మాట ఎన్ని వేల సార్లు అని ఉంటానో. బాధ కలిగిందా అంటే కలిగింది. కానీ అంతకంటే ముందు ఏం కలిగిందో కూడా చెప్పాలి కదా. లావణ్య మీద ఇంకా ఎక్కువ కుళ్లు కలిగింది. ఆ పిల్లకు నాకంటే తెలివి ఉండి కాదు, మంచితనం ఎక్కువై కాదు. వంట రాక గెలిచింది! రాదు కాబట్టి అడిగింది, అడిగింది కాబట్టి అత్తమ్మ వండింది, వండింది కాబట్టి తిన్నది. వంట బాగా రావడం వల్ల ఓడిపోయిన మనిషిని నేనొక్కదాన్నే ఉంటాను ఈ హైదరాబాద్‌లో.

అత్తమ్మ ప్లేటు ఖాళీ చేసింది. "గీయన మంచిగనే చేస్తడు గని మిరపకాయ తక్కువ ఏసిండు," అని లేచింది. లావణ్యదే నయమనీ అనలేదు, ఇదే నయమనీ అనలేదు. నేనూ అడగలేదు. దారిలో చందానగర్ మార్కెట్ దగ్గర క్యాబ్ ఆపించి పూలవాళ్ల దగ్గర సబ్జా కట్ట, పక్క దుకాణంలో కోడిమాంసం కొన్నాను. ఇంటికొచ్చి ఆకులు కడిగి, అలవాటు కొద్దీ కత్తి పట్టుకుని కూర్చున్నాను. అప్పుడు గుర్తొచ్చి లేచాను.

"అత్తమ్మా, గీ కూర మీరే చెయ్యాలె. నాకు రాదు."

రాదన్న మాట నా నోట ఆ వంటింట్లో మొదటిసారి వచ్చింది. ఆవిడ కొంగు దోపుకుని నా చేతిలోంచి కత్తి తీసుకుంది. పక్కన నిలబడి ఉప్పు డబ్బా అందించబోయాను. "నాకు తెల్వదా? నువ్వు కూసో," అంది. ముందు గదిలో కూర్చున్నాను. నా మూకుడు, నా గరిటె, నా పొయ్యి. వెల్లుల్లి మాడుతోందేమోనని ఒకసారి, మంట ఎక్కువైందేమోనని ఇంకోసారి లేచాను. రెండుసార్లూ "కూసో" అనే వినిపించింది. మా ఆయన టీవీ మీంచి చూపు తిప్పి "ఎవలింట్ల ఉన్నవ్?" అని నవ్వాడు. లావణ్యను వదిలేసి ఇప్పుడు నా వంటింటి మీదే నేను కుళ్లుకుంటున్నాను, ఇంతకంటే దిగజారడం ఉంటుందా? కానీ ఆ రోజు అత్తమ్మ తను వండిన కూరతో కడుపునిండా తిని, గిన్నెలో మిగిలింది కూడా నా కంచంలో వేసి, "మంచిగున్నదా?" అని అడిగింది. నా ఇంట్లో ఆవిడ ఆ మాట అడగడం నేనెప్పుడూ వినలేదు. అన్నేళ్లుగా ఆ ప్రశ్న నేనే అడుగుతూ వచ్చాను, ఆవిడే జవాబు చెబుతూ వచ్చింది. మారు పెట్టించుకున్నాను. బాగుంది మరి, నాకు మండినా సరే.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క సలహా: ఆదివారం అయితే పన్నెండున్నరలోపే వెళ్లండి, ఆకుల కూర చెప్పేటప్పుడు తులసా సబ్జానా అని ముందే అడగండి. ఇంట్లో పెద్దావిడ ఉంటే వెంట తీసుకెళ్లండి, కానీ తిరిగొచ్చాక వంటిల్లు మళ్లీ మీ చేతికి వస్తుందని మాత్రం ఆశ పెట్టుకోకండి.