ఆమె పేరు అచ్చేసిన నెల

పోయిన శుక్రవారం పొద్దున అచ్చుకూటంలో పెండ్లి పత్రిక కూర్చుతుండగా ఏజెంటప్ప కూతురు వచ్చి గుమ్మంలో నిలబడింది. లోపలికి రాలేదు. "అన్నా, నాయన పోయినాడు" అంది. ఆయాసం ఎన్నో ఏండ్లుగా ఉన్నదే. కాఫీ తాగి గోడకు ఒరిగి కూర్చున్న మనిషి మళ్లీ లేవలేదట. ఆ తరువాత చేతిలో ఉన్న సీసపు అక్షరాలు ఏ గూట్లో పడేశానో నాకు గుర్తు లేదు.

ఆదోనిలో ఆయనను పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. ఇన్సూరెన్సు ఏజెంటు గనుక అందరికీ ఏజెంటప్ప. పత్తి మండీల గుమాస్తాలు, ఎమ్మిగనూరు నేతగాళ్లు, దేవనకొండ దిక్కు మెట్ట రైతులు ఆయన దగ్గర పాలసీలు తీసుకున్నారు. వాళ్లకు ఆయన నెలనెలా పంపిన ఒంటి కాగితం పత్రిక 'మన సంగతి'. దాన్ని మొదటినుంచీ కూర్చింది నేను. అందుకే ఈ నాలుగు మాటలు రాయవలసినవాణ్ణి నేనే అనుకున్నాను. మంచి మాటలు మాత్రమే రాసి లేవాలని ఉంది. గాని అట్లా రాస్తే ఆయనే ఒప్పుకోడు.

ఆ పత్రిక ఒక ముసలి రైతు మాటతో పుట్టింది. బీమా కంతు కట్టించుకోవడానికి దేవనకొండ పోయినప్పుడు ఆ రైతు, "కంతు దినం వస్తేనే మేము గుర్తొస్తామా సామీ నీకు?" అన్నాడట. ఏజెంటప్ప ఆదోనిలో బస్సు దిగి ఇంటికి పోకుండా నేరుగా మా అచ్చుకూటానికి వచ్చాడు. "కంతు అడిగేకి మాత్రమే కనపడేవాడు చుట్టం కాదప్పా, జప్తుకొచ్చే కోర్టు అమీను" అన్నాడు. మరుసటి నెలే మొదటి కాగితం పోయింది.

అందులో ఏముండేది? ఎవరింట్లో బిడ్డ పుట్టింది, ఎవరి కొడుకు పరీక్ష ప్యాసయ్యాడు, కలరా సూదులు ఏ ఊర్లో వేస్తున్నారు, వాన ఎక్కడ పడింది. అడుగున కంతు గడువు గురించి ఒకే ఒక్క వరుస. చదవగలిగినవాళ్ల కన్నా చదివించుకుని వినేవాళ్లు ఎక్కువ గనుక ప్రూఫును గట్టిగా చదివేవాడు. నోరు తడబడిన చోట వాక్యాన్ని కొట్టేసేవాడు. చిరునామాలు మాత్రం తన చేత్తోనే రాసేవాడు. "అచ్చు అడ్రసు చూస్తే సర్కారు నోటీసనుకొని దడుసుకుంటారు" అనేవాడు. ఎమ్మిగనూరులో ఒక ఇంట్లో మగ్గం పక్క గోడకు ఆ కాగితాలు వరసగా గంజితో అంటించి ఉండడం నేను చూశాను. ఆ సంగతి చెబితే మురిసిపోయి, "మనం పోలేని చోటికి అక్షరం పోతాది" అన్నాడు. అది నిజమే. ఆ నిజమే తరువాత ఆయన్ను దహించింది.

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు ఎమ్మిగనూరులో ఒక నేతగాడు జ్వరంతో పోయాడు. చిన్న వయసు. భార్య, ఇద్దరు ఆడపిల్లలు. కాగితాలన్నీ ఏజెంటప్పే నింపి, కంపెనీ ఆఫీసుకు తిరిగి, బీమా సొమ్ము ఆమె చేతికి ఇప్పించాడు. ఆ నెల 'మన సంగతి'లో అది రాశాడు. ఆమె పేరు, వీధి, అందిన మొత్తం. చదివినవాళ్లకు ధైర్యం రావాలనే ఆయన ఉద్దేశం. కూర్చుతూ నేనే అన్నాను, "అప్పా, పేరు లావు టైపులో పెడదామా? కంటికి ఆనుతాది" అని. కాసేపు ఆలోచించి "పెట్టు" అన్నాడు.

ఆ కాగితం తెచ్చిన గిరాకీ మునుపెన్నడూ రాలేదు. ఇల్లు వెతుక్కుంటూ వచ్చి పాలసీ అడిగినవాళ్లున్నారు. కంపెనీ మేనేజరు మెచ్చుకుంటూ జాబు రాశాడు.

రెండు నెలలకు ఒక మధ్యాహ్నం ఆ నేతగాడి భార్య మా అచ్చుకూటానికి వచ్చింది. చేతిలో ఆ కాగితం, నాలుగు మడతలు పెట్టి ఉంది.

"ఇది అచ్చేసింది ఈడనేనా అప్పా?"

"ఈడనేనమ్మా."

"నాకు సదువు రాదు. నా పేరు యాడుందో సూపించు."

చూపించాను. ఆమె దాని మీద వేలు ఆనించి కిందికీ మీదికీ చూసింది. "కడమ అచ్చరాలన్నీ సన్నగుండాయి. నాది ఏంటికి ఇంత లావు ఏసినారు?"

బదులు కోసం ఆగకుండా ఏం జరిగిందో చెప్పింది. బళ్లారి దిక్కున ఉండే బావ, తమ్ముడు చచ్చినప్పుడు రానివాడు, ఈ కాగితం ఎవరో చదివి వినిపిస్తే బండి కట్టుకొని వచ్చాడు. పిల్లల పేర భూమి కొంటానని సొమ్మంతా తీసుకొని, ఆమె చేత కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నాడు. పోతూ పోతూ మగ్గం కూడా విప్పి బండికెత్తుకున్నాడు.

ఎప్పుడు వచ్చాడో, ఏజెంటప్ప గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. ఆమె ఆయన దిక్కు తిరిగింది.

"ఊరందరికీ సెప్పమని నేనన్నానా సామీ?"

"లేదమ్మా. నువ్వు చెప్పమనలేదు. నేనూ నిన్ను అడగలేదు. తప్పు నాది."

"తప్పు నీదంటే నా మగ్గం వస్తాదా?"

ఏజెంటప్ప తరువాతి బస్సుకే ఆమె వెంట ఎమ్మిగనూరు పోయాడు. అక్కడ నేతగాళ్లలో ఇద్దరు పెద్దలను కూడగట్టుకొని ఆ బావ ఊరికి మూడు తడవలు తిరిగాడు. మూడో తడవకు మగ్గం వచ్చింది. సొమ్ము రాలేదు. వేలిముద్ర ఉంది గదా అన్నాడట బావ. కోర్టుకు పోదామంటే ఆమే వద్దంది. "ఆడ గూడా నా పేరు పెట్టి పిలుస్తారు గదా సామీ" అంది.

ఆ నెల పత్రికకు క్షమాపణ రాసి తెచ్చాడు. కూర్చాను. ప్రూఫు చదువుతూ నడుమ ఆగిపోయాడు. "ఇది చదివినా జనం కండ్లు ఆమె మీదికే పోతాయి గదప్పా. తీసెయ్." పేరు తీసేద్దామన్నాను. "పేరు తీసినా ఎవరో తెలుస్తాది" అన్నాడు. అక్షరాలన్నీ విప్పేశాను. ఆ జాగా ఖాళీగానే అచ్చయింది. సిరా అంటలేదా అని జనం అడిగితే "అంటింది" అని మాత్రం అనేవాడు.

ఆ తరువాత ఎవరి సంగతైనా వాళ్లనడగకుండా వేయలేదు. బిడ్డ పుట్టిన కబురుకు కూడా ఆ తల్లిని అడిగి వచ్చేవాడు. కాగితం ఆలస్యమయ్యేది, కొన్ని నెలలు రానే లేదు. బీమా అందినవాళ్ల కథలు ఇంకా వేయమని మేనేజరు జాబు మీద జాబు రాసినా ఒప్పుకోలేదు. ఒకసారి నాతో, "లావు టైపన్నందుకు నువ్వు కుమిలిపోవద్దు. పెట్టమన్నది నేను" అన్నాడు. ఆయన ఆ భారాన్ని నా తలమీద నుంచి దించాలని చూశాడు. అది దిగలేదు గాని, దించాలని చూసిన మనిషిని నేను మరచిపోలేను.

మొన్న ఆదివారం ఎమ్మిగనూరు పోయాను. ఆమె మగ్గం గుంతలో కూర్చొని నేస్తోంది. ఏజెంటప్ప పోయినాడని చెప్పాను. మగ్గం ఆగింది.

"నెలనెలా వచ్చి ఆ గడప కాడ నిలబడేటోడు" అంది. "పిల్లలు బాగుండారా అని అడిగి పోయేటోడు. ఒక్కనాడు కూసోమనలేదు నేను. కూసోమంటే జరిగింది మరిసిపోతానేమోనని బయమైతాండె."

ఆయన గురించి రాయాలనుకుంటున్నానని, ఈ సంగతి లేకుండా రాయలేనని చెప్పాను. రాయనా అని అడిగాను. ఆమె తెగిన దారం కొసలు రెండూ కలిపి ముడి వేసింది.

"రాసుకో అప్పా. పేరు మాత్రం ఒద్దు."

బయటికి వచ్చాను. వీధి పొడుగునా రంగులో ముంచిన నూలును గుంజలకు ఆరవేశారు. ఎర్రని నీళ్లు బొట్లు బొట్లుగా దుమ్ములో పడుతున్నాయి. దారిన పోయేవాళ్లు పంచెలు ఎత్తి పట్టుకొని ఓరగా తప్పుకుంటున్నారు. లోపల మగ్గం చప్పుడు మళ్లీ వినపడేదాకా ఆ బొట్లను చూస్తూ అక్కడే నిలబడ్డాను.