యముడికి చదివి వినిపించిన పాట

నేను ఆదిలాబాద్‌ల గ్రంథాలయం చూసుకునే రోజులవి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి నాలుగైదేండ్లు అయివుంటది. ఊర్ల చావు మీద కవిత్వం రాసేటోళ్లు ఇద్దరుండిరి. ఇద్దరూ ఆదివారం పొద్దున నా దగ్గరికే వచ్చేటోళ్లు.

ఒకరు బడిల తెలుగు పంతులు. ఆయన పద్యాలల్ల చావు పెండ్లిపిల్ల లెక్క పూలదండ పట్టుకొని వచ్చేది. ఊర్ల ఎవరు పోయినా పదోరోజుకల్లా సీసపద్యం తయారు. ఇంకొకాయన జిన్నింగు మిల్లుల కాంటా కాడ పత్తి జోకేటాయన. పాటలు కట్టేటోడు. ఆ పాటలల్ల యముడు పిలువకుండ బువ్వకొచ్చిన దూరపు చుట్టం. కూసోమనేది లేదు, నీళ్లిచ్చేది లేదు, తిట్టి పంపుడే.

చావును గౌరవించాలె అని పంతులు అనేటోరు. అది మనల ఏం గౌరవించిందని మిల్లాయన అడిగేటోడు. నేను ఈయన మాట ఆయనకు, ఆయన మాట ఈయనకు జర ఉప్పు కారం కలిపి అందిస్తుంటి. పని లేని ఊర్ల గ్రంథాలయపోనికి గంతకన్న వేరే వినోదమేముంటది?

ఒక వానాకాలం పంతులుకు చలిజ్వరం పట్టింది. వారమైనా ఇడువలే. నేను చూసొద్దామని పోతే ఆయన భార్య బయటికొచ్చి మెల్లగ చెప్పింది. డాక్టరు సూది తీస్తే గోడ దిక్కు తిరుగుతున్నరట. నిద్రల "నేను రాను, నేను రాను" అని కలవరిస్తున్నరట. పెండ్లిపిల్ల గడపల నిలవడితే పెండ్లికొడుకు దుప్పట్ల దాసుకున్నడని నాకు లోపల నవ్వు, పైకి భయం.

సక్కగ మిల్లుకు పోయిన. పంతులు తన చావు మీద నీ పాటొకటి కావాలంటున్నరని మిల్లాయనకు చెప్పిన. పచ్చి అబద్ధం. కోపమొస్తెనన్న పంతులు లేచి కూసుంటరని నా ఆశ. మిల్లాయన ఆ రాత్రే కూసొని రాసిండు. తెల్లారి కాగితం మడిచి జేబుల పెట్టుకొని వచ్చిండు. ఇద్దరం కలిసి పోయినం.

పంతులు మెడ దాకా గొంగడి కప్పుకొని పండుకున్నరు. మిల్లాయన కాగితం ఇప్పి చదివిండు. యమా, ఈయనను తీస్కపోతే దారి పొడుగూత పద్యాలు చెప్తడు, అర్థం తెల్వకపోతే నిన్ను బెంచీ ఎక్కిస్తడు, నీ దున్నపోతుకు గూడ ఛందస్సు నేర్పుతడు, నీ మంచికే చెప్తున్న, ఇడిసిపెట్టి పో. ఇదీ పాట. పంతులు భార్య కొంగు నోట్లె పెట్టుకున్నది.

పంతులు గొంగడి కిందికి జరుపుకున్నరు.

"రెండో చరణంల ప్రాస తప్పింది."

"పాట గద సార్."

"పాటైతేంది? గీ తప్పుల పాటతోని నేను పైకి పోవాల్నా? కాగితం ఇటు తే."

లేచి కూసున్నరు. పెన్సిలు అడిగిన్రు. ఇద్దరికీ కొట్లాట మొదలైంది. అదే అదునని ఆయన భార్య డాక్టరును పిలిపించింది. పంతులు కాగితం మీదికెల్లి కండ్లు తియ్యకుండనే చెయ్యి చాపిన్రు. సూది ఎప్పుడు దిగిందో ఆయనకు తెలువనే తెలువది.

పదిహేను రోజులకు గ్రంథాలయానికి వచ్చిన్రు. వచ్చీ రాంగనే మిల్లాయనను అడిగిన్రు, బతికున్నోని మీద చావు పాట ఎట్ల రాయబుద్ధైందని. మీరే అడిగిన్రట గద అని ఆయనన్నడు. ఇద్దరూ ఒక్కసారే నా దిక్కు తిరిగిన్రు. నేను బీరువాల తల పెట్టి పుస్తకాల దుమ్ము దులుపుకుంట ఉండిపోయిన.

శిక్ష మల్లొచ్చిన ఆదివారం పడ్డది. పేపరు చదువనొచ్చినోళ్లందరినీ కూసోబెట్టి, ఇద్దరూ కలిసి నా చావు మీద రాసింది చదివిన్రు. సగం పద్యం, సగం పాట. అండ్ల నేను చాడీలు మోసి మోసి నడుము విరిగి సచ్చిపోయిన. అందరూ పడిపడి నవ్విన్రు. నేనూ నవ్విన గని, ఒక్క మంచి మాటన్న ఉంటదేమోనని చెవులు రిక్కించి విన్న.

ఉండె, ఒక్కటి. తీసుకపోయిన పుస్తకం తెచ్చియ్యకపోతే ఇంటిదాక వచ్చి అడిగేటోడట.