బామ్మ ముట్టుకున్న వాచీ బెల్టు

నా చిన్నప్పుడు బందరులోని మా ఇంట్లో తోలుకు గడప దాటే హక్కు ఉండేది కాదు. చెప్పులు వీధిలోనే. మా బాబాయి చేతి వాచీకి ఉన్నది తోలు బెల్టు కాబట్టి, అది కూడా అరుగు మీది గూటి దాకానే. భోజనానికి ముందు వాచీ విప్పి ఆ గూట్లో పెట్టి, కాళ్ళూ చేతులూ కడుక్కుని మరీ లోపలికి రావాలి. అది మా బామ్మ శాసనం. ఆవిడ మడి సంగతి వీధి వీధంతటికీ తెలుసు. పొరపాటున ఆ బెల్టు కొంగుకు తగిలినా మళ్ళీ తలస్నానం చేసేది. నాకైతే ఆ చాదస్తం చూస్తే ఒళ్ళు మండేది.

ఆదివారం వస్తే చాలు, బాబాయి అరుగు మీద కూర్చుని ఆ బెల్టును తుడిచి, ఆముదం రాసి, మురిసిపోయేవాడు. బామ్మ గడపకు ఇవతల నిలబడి, "చచ్చిన గొడ్డు తోలుకు ఆ సేవలేమిట్రా? అదేదో దేవుడికి చేస్తే పుణ్యమన్నా వచ్చును" అని సాధించేది.

ఒక ఏడు దివిసీమలో కోడూరు దగ్గర మా పొలంలో కోసిన వరి ఇంకా పనల మీదే ఉండగా మబ్బు పట్టింది. కుప్ప వేయించి వస్తానని బాబాయి చద్దన్నం గబగబా తిని బస్సుకు పరుగెత్తాడు. ఆ సాయంత్రమే గాలివాన మొదలైంది. తెల్లారేసరికి దివిసీమ వైపు బస్సులు లేవు. కరకట్ట తెగిందని ఒకరు, లేదని ఇంకొకరు. బాబాయిని వెతకడానికి బయల్దేరిన నాన్న, దారికి అడ్డంగా చెట్లు పడి ఉంటే వెనక్కి వచ్చేసి, ఎవరి మొహమూ చూడకుండా కూర్చున్నాడు.

అప్పుడు గూట్లో వాచీ నా కంటపడింది. తొందరలో మరిచిపోయి వెళ్ళాడు. జల్లు కొట్టి బెల్టు నాని ఉబ్బిపోయింది. పలకరించడానికి వచ్చిన పక్కింటావిడ దాన్ని చూసి, "అయ్యో, వాచీ కూడా వదిలేసి వెళ్ళాడా!" అంది. ఆ మాటతో అమ్మ ఏడుపు అందుకుంది.

బామ్మ వచ్చి ఆ వాచీని చేత్తో తీసుకుంది.

"అత్తయ్యగారూ, తోలండీ అది!" అంది అమ్మ, ఏడుపు ఆపి.

"తెలుసులేవే. ఇలాగే వదిలేస్తే బూజు పట్టదూ? రేపు వాడొచ్చి ఏం పెట్టుకుంటాడూ?"

పాత పంచె ముక్కతో బెల్టును రుద్దకుండా, అద్ది అద్ది తడి తీసింది. చిల్లుల్లోని మట్టిని చీపురుపుల్లతో తీసింది. త్వరగా ఆరుతుందని నేను కుంపటి తెస్తే వద్దంది. సెగ తగిలితే అప్పడంలా పెళుసెక్కుతుందట. గాలి ఆడే చోట దండెం మీద వేసి, పూర్తిగా ఆరాక, వేలికొసకు అంటినంత ఆముదం రాసి పొడిగుడ్డతో తుడిచింది. వేలికి చుట్టి చూసి, ఇంకా బిరుసుగా ఉందని మళ్ళీ రాసింది. పరికిణీ సర్దుకుని పక్కనే కూర్చున్న నాకు ఆశ్చర్యం. ఇన్నేళ్ళూ గడప దగ్గర సాధిస్తూనే, కొడుకు చేసే ప్రతి పనీ ఆవిడ చూస్తూనే ఉందన్నమాట.

వీధిలో అడుగుల చప్పుడైనప్పుడల్లా ఆవిడ చెయ్యి ఆగేది. ఎవరూ కాదని తెలిశాక మళ్ళీ కదిలేది.

బాబాయి ఆ మర్నాడు పొద్దున మోకాళ్ళ దాకా బురదతో, నడిచి వచ్చాడు. పంటంతా పోయిందని చెప్పబోయాడు. బామ్మ వినలేదు. వాచీని తనే అతని మణికట్టుకు పెట్టి, బెల్టు బిగించింది. ఆ తర్వాత నూతి దగ్గరికి వెళ్ళి చేదల కొద్దీ నీళ్ళు నెత్తిన గుమ్మరించుకుంది. అంతసేపు స్నానం మడి కోసమే అనుకున్నాను అప్పుడు. ఆ నీళ్ళ చాటున ఆవిడ తనివితీరా ఏడ్చిందని అర్థమవడానికి నేనూ ఒక బిడ్డకు తల్లిని కావలసి వచ్చింది.

నిరుడు మావారిని ఆపరేషనుకు తీసుకెళ్తూ నర్సు ఆయన వాచీ విప్పి నా చేతిలో పెట్టింది. తలుపు మూసుకుంది. బెల్టు చూస్తే చెమటతో మాసి ఉంది. చెంగుతో మెల్లగా తుడవడం మొదలుపెట్టాను.

"ఇప్పుడెందుకత్తయ్యా అది?" అంది మా కోడలు.

"ఆయనొచ్చి పెట్టుకోవద్దటే?" అన్నాను.